వాపసు పంపిన పంతొమ్మిది నమూనాలు

2017 జూలై 3, సోమవారం. గోదావరి ఒడ్డున ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో అప్పుడు నేను బయోకెమిస్ట్రీ విభాగానికి ఇన్‌చార్జిని. హోదా ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-1. ఆ ఉదయం తొమ్మిదింటికి ఎనిమిది మంది శిక్షణార్థులు కొత్త తెల్లకోట్లతో వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా రెండో సంవత్సరం వాళ్ళది. ఆరు నెలలు నా దగ్గర పని నేర్చుకోవాలి. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఆ ఆరు నెలల్లో జరిగిన తప్పులో మొదటి వాటా నాది. దానికి ఆసుపత్రి పేరు అనవసరం.

శిక్షణార్థులను అంచనా వేసే పద్ధతి మా శిక్షణ కేంద్రంలో సరిగ్గా ఆ జట్టుతోనే మారింది. పాత పద్ధతి ఏమిటో ముందు చెప్పాలి. ఏడాది చివర ఒక్క రోజు ప్రాక్టికల్ పరీక్ష. బయటి ఊరి నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చేవారు. బల్లల మీద పది మైక్రోస్కోపులు, ఒక్కోదాని కింద ఒక స్లైడు, ఒక్కో స్లైడుకు రెండు నిమిషాలు. వీటిని స్పాటర్లు అంటాం. స్లైడుల పెట్టె ఏళ్ళ తరబడి అదే ఉండటం వల్ల మూడో మైక్రోస్కోపు కింద ఏముంటుందో కళ్ళజోడు తీసేసి కూడా చెప్పగలిగేవాళ్ళు ఉండేవారు. తరువాత రికార్డు పుస్తకం చూపించాలి. ఎర్ర పెన్సిలు, ఊదా పెన్సిలు పెట్టి కణాల బొమ్మలు ఎంత అందంగా గీస్తే అన్ని మార్కులు. చివర నాలుగు నోటి ప్రశ్నలు.

నేనూ 1982లో అలాగే ఫస్టు క్లాసులో పాసయ్యాను. 1983 ఫిబ్రవరిలో ఇచ్చోడలో మొదటి పోస్టింగు. వచ్చిన మొదటి వారం మలేరియా అనుమానంతో వచ్చిన ఒక కూలీ వేలు పొడిచి రక్తపు చుక్కను స్లైడు మీద పూశాను. ఎంత మందంగా పూశానంటే, రంగు వేసి నీళ్ళలో కడగ్గానే పూత మొత్తం పెచ్చుగా ఊడి సింకులోకి పోయింది. ఫస్టు క్లాసు సర్టిఫికెట్టు పెట్టెలోనే ఉంది. అందుకే 2017లో కొత్త పద్ధతి వచ్చిందని తెలిసినప్పుడు మా ల్యాబులో అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే.

కొత్త పద్ధతికి ఆధారం లాగ్‌బుక్. శిక్షణార్థి తాను చేసిన ప్రతి పరీక్షనూ అందులో రాయాలి: తేదీ, నమూనా నంబరు, పరీక్ష పేరు, ఫలితం, ఆ పక్కన ‘స్వయంగా చేశాను’, ‘సహాయపడ్డాను’, ‘చూశాను’ అనే మూడు గడుల్లో ఒకదానిలో టిక్కు, చివర పర్యవేక్షకురాలి సంతకం. ఒక్కో పరీక్షకు ఇన్ని అని లెక్క నిర్ణయించారు. చక్కెర, యూరియా లాంటివి రోజూ పదుల్లో వస్తాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. కష్టమైనది పొటాషియం. అది స్వయంగా నలభై చేయాలి. జనవరి 5 లోపల లెక్క పూర్తయిన పుస్తకం అందకపోతే ఫైనల్ పరీక్షకు కూర్చోనివ్వరు. మళ్ళీ వచ్చే ఏడాది జట్టుతోనే.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఎనిమిది పుస్తకాలు నా బల్ల మీదికి దొంతరగా వచ్చేవి. నలభై ఐదు నిమిషాల్లో అన్నిటికీ సంతకాలు పెట్టేదాన్ని. తేదీలు వరుసలో ఉన్నాయా, కొట్టివేతలు ఉన్నాయా, ఫలితానికి యూనిట్లు రాశారా అని చూసేదాన్ని. యూనిట్లు రాయకపోతే పుస్తకం విసిరేసినంత పని చేసేదాన్ని. నేను చాలా కచ్చితమైన మనిషినని ల్యాబులో పేరు. ఆ పేరు నేనూ నమ్మాను.

జట్టులో ఇద్దరి గురించి చెబితే చాలు. రాజ్‌కుమార్‌ది శ్రీరాంపూర్. తండ్రి బొగ్గు గనిలో కార్మికుడు. చురుకైనవాడు, మాటకారి, మిగతావాళ్ళు అతని చుట్టూ తిరిగేవారు. మౌనికది సిరిసిల్ల. తండ్రి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, మీటరు లెక్కన బట్ట నేస్తాడు. తల్లి బీడీలు చుడుతుంది. ఆ అమ్మాయి హాస్టల్లో ఉండి చదివేది. తక్కువ మాట్లాడేది. పని నెమ్మది. సెంట్రిఫ్యూజులో తిప్పి తీసిన ప్రతి గొట్టాన్నీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసేదాకా ముట్టుకునేది కాదు. వెనక నిలబడ్డవాళ్ళకు విసుగు పుట్టేది. “మౌనికా, అది సీరమమ్మా, సీన్మా కాదు. చూసుడు అయిపోతే జర జరుగు,” అని రాజ్‌కుమార్ అంటే అందరూ నవ్వేవారు. ఆ అమ్మాయి కూడా నవ్వేది, జరిగేది మాత్రం కాదు.

ఆ గొట్టంలో చూడాల్సింది ఏమిటో చెబుతాను. రక్తం గడ్డకట్టాక తిప్పితే పైన తేరే ద్రవాన్ని సీరం అంటాం. అది ఎండుగడ్డి రంగులో ఉండాలి. గులాబీ రంగులోనో ఎర్రగానో ఉంటే ఎర్ర కణాలు పగిలాయని అర్థం. సన్నటి సూదితో బలంగా లాగినా, సూది తీయకుండా సిరంజి నుంచి ఆ గొట్టంలోకి (దాన్నే వయల్ అంటాం) చిమ్మినా కణాలు పగులుతాయి. పొటాషియం ఎక్కువగా ఉండేది కణాల లోపలే. అవి పగిలితే అదంతా సీరంలోకి వచ్చి కలుస్తుంది. మెషిన్ దానికి చేతనైనంత నిజమే చెబుతుంది, కానీ అది రోగి ఒంట్లో ఉన్న పొటాషియం కాదు. పొటాషియం పెరిగిందంటే గుండెకు ప్రమాదమని డాక్టరు వెంటనే దాన్ని తగ్గించే మందులు మొదలుపెడతాడు. మామూలుగా ఉన్నవాడికి ఆ మందులు ఇస్తే అదే ప్రమాదం. కాబట్టి అలాంటి నమూనాను పరీక్షించకూడదు. వాపసు పంపి మళ్ళీ రక్తం తీయమని అడగాలి. పాఠంలో ఇది ఒక్క వాక్యం. నిండిన వార్డులో ఎవరి చేతిలోనూ ఖాళీ లేనప్పుడు ఆ ఒక్క వాక్యం అమలు చేయడం వేరే సంగతి.

అక్టోబరులో ఒక రోజు ఆడవాళ్ళ వార్డు హెడ్‌నర్సు విజయమ్మ నేరుగా ల్యాబుకు వచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా నాకు తెలిసిన మనిషి. వస్తూనే అందుకుంది.

“ఏం మేడం, మీ పిల్లకు మా వార్డు మీద ఏమన్న పగ ఉన్నదా? ఈ వారంల రెండోసారి వాపస్ పంపింది. ముసలమ్మకు నరం దొరికేసరికే నా పాణం పోయింది. మళ్ల పొడువుమంటది!”

మౌనికను పిలిచాను. గొట్టం తెచ్చి కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంది. సీరం గులాబీ రంగులో ఉంది. విజయమ్మకు చూపించాను. సూది తీసేసి, వయల్ గోడ వెంబడి రక్తాన్ని మెల్లగా జారనివ్వమని కొత్త సిస్టర్లకు చెప్పమన్నాను. ఆమె కాసేపు గొణిగి, “సరే, చెప్తగని, గీ పిల్లకు నవ్వుడు గూడ నేర్పుండ్రి,” అని వెళ్ళిపోయింది. మౌనికను మెచ్చుకున్నాను. అంతటితో ఆ విషయం వదిలేశాను. ఒక నమూనా వాపసు పంపితే ఆమె లెక్కలో ఒకటి తగ్గుతుందన్న సంగతి, ఇరవై నాలుగు గంటలూ లెక్కలు వేసే నాకు, తట్టలేదు.

డిసెంబరు 23, శనివారం. గడువుకు పదమూడు రోజులు. పుస్తకాలన్నీ దాదాపు చివరికి వచ్చాయి. ఏడు పుస్తకాల్లో పొటాషియం పేజీ ముందు శనివారం సంతకాలతోనే నలభై దగ్గర ఆగింది. మౌనిక పుస్తకంలో అప్పటికీ ఇప్పటికీ ఇరవై ఆరే. నాకు కోపం వచ్చింది. అందరి ముందూ గట్టిగానే అడిగాను, ఆరు నెలల్లో ఇరవై ఆరేనా, మిగతావాళ్ళు నలభై చేసినప్పుడు నీకేం అడ్డం వచ్చిందని.

రాజ్‌కుమార్ ఆమెకు సాయం చేయబోయాడు. ఆ పిల్లవాడిలో చెడ్డతనం లేదు. అతను అన్న మాట విన్నాకనే నా కళ్ళు తెరుచుకున్నాయి.

“మేడం, మేం ఎప్పుడో చెప్పినం. నా బుక్కు చూసి పద్నాలుగు నంబర్లు రాసుకోమన్న. వింటలేదు.”

“నేను ముట్టని నమూనా నా బుక్కుల ఎట్ల రాస్త?” అంది మౌనిక, అతని వైపు కాదు, నా వైపు చూస్తూ. తరువాత పుస్తకాన్ని తిప్పి, చివరి అట్ట దగ్గరి ఖాళీ పేజీలు తెరిచి నా ముందు పెట్టింది. గీతలు గీసి తానే ఒక పట్టిక తయారుచేసుకుంది. తేదీ, నమూనా నంబరు, వార్డు, వాపసు కారణం. పంతొమ్మిది వరుసలు ఉన్నాయి, అన్నీ పొటాషియం కోసం వచ్చిన నమూనాలే. పదిహేను ఎర్ర సీరాలు, మూడు పేరు లేని వయల్స్, ఒకటి రాత్రంతా తిప్పకుండా ఫ్రిజ్‌లో ఉండిపోయిన రక్తం, అలా ఉంచినా కణాల్లోని పొటాషియం బయటికి వస్తుంది.

ఇవి రాయమని నీకెవరు చెప్పారని అడిగాను.

“ఎవరు చెప్పలే మేడం. మా బాపు సాంచెల మీద పోగు తెగితే సాంచె ఆపుతడు. ఆపితే మీటర్లు తగ్గుతయి. ఎందుకు తగ్గినయని సేటు అడిగితే చెప్పొస్తదని, ఎన్నిసార్లు ఆపిండో గోడ మీద గీతలు పెట్టుకుంటడు. గట్లనే నేను గూడ రాసుకున్న.”

ఆ శనివారం నేను ఏ పుస్తకానికీ సంతకం పెట్టలేదు. ఎనిమిదింటినీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

మర్నాడు ఆదివారం, ఆ మర్నాడు పండుగ సెలవు. రెండు రోజులూ పగలంతా ల్యాబులో కూర్చుని పొటాషియం రిజిస్టరు మొదటి నుంచి చదివాను. జూలై 3 నుంచి డిసెంబరు 23 వరకు పగటి షిఫ్టులో మా ల్యాబులో జరిగిన పొటాషియం పరీక్షలు 231. అందులో మా సిబ్బందే చేసి సంతకం పెట్టినవి 58. మిగిలినవి 173. శిక్షణార్థులు చేసి ఉంటే అవే చేసి ఉండాలి. వాళ్ళ పుస్తకాల్లో ఏడుగురివి నలభై చొప్పున 280, మౌనికవి 26, మొత్తం 306. ల్యాబు చేయని 133 పొటాషియం పరీక్షలు చేసినట్టు నేను సంతకం పెట్టాను.

పుస్తకాలు పక్కపక్కన పెట్టి నంబర్లు సరిచూస్తే విషయం తేలిపోయింది. ఒకే నమూనా నంబరు నాలుగు పుస్తకాల్లో, ఐదు పుస్తకాల్లో, ఒకచోట ఆరు పుస్తకాల్లో ‘స్వయంగా’ గడిలో ఉంది. ఆరు సంతకాలూ నావే. ఒకే శనివారం, ఒకదాని తరువాత ఒకటిగా పెట్టినవి.

అంతకంటే పెద్ద విషయం మౌనిక పట్టికలో దొరికింది. ఆమె వాపసు పంపిన పంతొమ్మిదిలో పన్నెండింటికి కొత్త రక్తం వచ్చింది. మిగతా ఏడింటి విషయంలో అదే వయల్, అదే నంబరుతో, గంటో రెండు గంటలో తిరిగి ల్యాబుకు చేరింది. మౌనిక బల్ల దగ్గర లేని సమయంలో ఇంకొకరు తీసుకుని మెషిన్ మీద పెట్టి, లెక్కలో రాసుకుని, రిపోర్టు పంపారు. ఆ ఏడింటిలో ఐదు ఫలితాలు హద్దు దాటి ఉన్నాయి. మంగళవారం రికార్డు గదిలో ఆ ఐదుగురు రోగుల కేస్ షీట్లు తీయించి చూశాను. ఐదుగురిలో ఒక్కరికి కూడా ఆ అంకె చూసి మందు ఇవ్వలేదు. ముగ్గురికి డాక్టర్లు అనుమానించి మళ్ళీ పరీక్ష చేయించారు, ఇద్దరు అప్పటికే ఇంటికి వెళ్ళారు. అది డాక్టర్ల జాగ్రత్త, మిగతాది అదృష్టం. మా ల్యాబు గొప్ప అందులో ఏమీ లేదు.

డిసెంబరు 27, బుధవారం ఉదయం ఎనిమిది మందినీ కూర్చోబెట్టి అంకెలు బోర్డు మీద రాశాను. 231, 58, 173, 306, 133. రాజ్‌కుమార్ లేచాడు.

“మేడం, ఒకరు చేస్తుంటే అందరం చుట్టు నిలబడి చూస్తుంటిమి. చూసింది చేసినట్టే అనుకున్నం. మొదటి వారం అట్ల రాస్తే మీరు సంతకం పెట్టిండ్రు. ఇగ అదే పద్ధతి అనుకున్నం.”

అతని మాటలో ఎగతాళి లేదు. మొదటి వారం నేను పెట్టిన సంతకమే వాళ్ళకు ఆ పద్ధతి నేర్పింది.

ఆ రోజు పదకొండింటికి సూపరింటెండెంటు గారిని కలిశాను. ఆయన పుస్తకాలు తిరగేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“మేడం, మీకు ఇంక తొమ్మిది నెలల సర్వీసు ఉన్నది. ఎందుకీ లొల్లి? ఏడుగురివి అయిపోయినయి. ఆ ఒక్క అమ్మాయివి పద్నాలుగు తక్కువున్నయి. మీరే రాసి సంతకం పెట్టుండ్రి. ఎనిమిది మంది పరీక్ష రాస్తరు, ఎవ్వరికి నష్టం లేదు.”

ఆయన మంచి డాక్టరు. ఆ మాట మౌనిక మేలు కోరే అన్నారు. ఒక్క నిమిషం నాకూ అది సులువుగానే కనిపించింది. పద్నాలుగు వరుసలు, పది నిమిషాల పని. ఆ అమ్మాయికి ఒక సంవత్సరం మిగులుతుంది. ఆ ఇంట్లో ఒక సంవత్సరం అంటే ఏమిటో నాకు తెలుసు. వచ్చే ఏడాదికి హాస్టల్లో ఉంచగలమో లేదో చెప్పలేమని ఆమె తండ్రి అప్పటికే ఒకసారి ఫోనులో నాతో అన్నాడు. కానీ ఆరు నెలలుగా ఆమె ఏ పని చేయనని పట్టుబట్టిందో ఆ పని ఆమె పేరు మీద నేను చేయాలి. అది నా వల్ల కాదని చెప్పాను.

అయితే ఏం చేద్దామంటారని అడిగారు. గడువు జనవరి 25 వరకు పొడిగించమని, పొటాషియం పేజీలన్నీ రద్దు చేసి ప్రతి ఒక్కరినీ బల్ల దగ్గర కూర్చుని స్వయంగా పరీక్షించే అనుమతి ఇవ్వమని కోరాను. కారణం లేకుండా గడువు పొడిగించడం కుదరదని, శిక్షణ కేంద్రానికి కారణం లిఖితపూర్వకంగా ఇవ్వాలని, అందులో తప్పు ఎవరిదో రాయాల్సి వస్తుందని ఆయన హెచ్చరించారు. రాస్తానన్నాను. ఆ సాయంత్రమే పేజీన్నర ఉత్తరం రాసి ఇచ్చాను. ‘పై 306 నమోదులకు, అవి చేసినట్టు నేను చూడకుండానే సంతకం చేశాను’ అన్నది అందులో రెండో వాక్యం. జనవరి 3న అనుమతి వచ్చింది.

పరీక్ష ఎలా పెట్టాలో నేనూ మా గ్రేడ్-2 టెక్నీషియన్ రషీద్ గారూ కలిసి నిర్ణయించాం. ఒక్కొక్కరికి ఐదు నమూనాలు. రెండు మంచివి. ఒకటి కావాలని కణాలు పగలగొట్టినది. దానికి నా రక్తమూ రషీద్ గారి రక్తమూ తీసి, సన్నసూదిలోంచి రెండుసార్లు బలంగా చిమ్మి తయారుచేశాం. ఒకదానిలో వయల్ మీది పేరు వేరు, ఫారం మీది పేరు వేరు. ఐదోది కామెర్ల రోగి సీరం, ముదురు పసుపు రంగు. అది చూడటానికి భయపెడుతుంది గానీ మా మెషిన్ మీద పొటాషియం పరీక్షకు ఏ అడ్డూ లేదు. అంటే రెండు వాపసు పంపాలి, మూడు చేయాలి. ఏ వయల్ ఏ వరుసలో వస్తుందో ప్రతిసారీ మార్చేవాళ్ళం. శిక్షణార్థి చేస్తుంటే నేను పక్క స్టూలు మీద కూర్చుని, మాట్లాడకుండా, చూసింది రాసుకోవాలి. ఒక్కో నమూనాకు ఇరవై ఐదు నిమిషాలు. ఫలితం రెండే మాటలు: ‘వచ్చు’, ‘మళ్ళీ’.

జనవరి 8 నుంచి రోజుకు ఇద్దరు. మొదటి రోజు రాజ్‌కుమార్. చేతులు చాలా వేగం. ఎర్ర సీరాన్ని వెంటనే పట్టుకుని పక్కన పెట్టాడు. పేరు తేడా ఉన్న వయల్‌ను మాత్రం చూడకుండా మెషిన్ మీదికి ఎక్కించాడు. ‘మళ్ళీ’ అని రాశాను.

రెండో రోజు మౌనిక. ఎర్ర సీరం పక్కన పెట్టింది. పేరు తేడా పట్టుకుని ఫారం మీద గుండ్రంగా గీసింది. కామెర్ల సీరాన్ని కిటికీకి ఎత్తి చాలాసేపు చూసింది. తరువాత దాన్ని కూడా వాపసు పెట్టె వైపు జరిపి, రంగు బాగా లేదని కారణం రాసింది. ఎర్రకణాలు పగలడానికీ కామెర్లకూ తేడా ఆమెకు తెలుసు. నోటితో అడిగితే చెప్పేది. ఆ రోజు ఆమె చేయి జాగ్రత్త దాటి భయం వైపు వెళ్ళింది. అవసరం లేకుండా వాపసు పంపడమూ తప్పే. రోగిని అకారణంగా ఇంకోసారి పొడవాల్సి వస్తుంది, రిపోర్టు ఆలస్యమవుతుంది. ‘మళ్ళీ’ అని రాశాను.

ఆ పూట టీ తాగుతూ రషీద్ గారు నన్ను వదల్లేదు.

“యా అల్లా! మేడం, ఆ పిల్ల కోసమే గదా గింత పరేషాన్ అయ్యిండ్రు. సూపరింటెండెంట్ తోని లొల్లి పెట్టుకున్నరు. ఇప్పుడు ఆమెనే ఫెయిల్ చేసిండ్రా?”

ఆమె కోసం చేయలేదని, ఆమెకు ‘వచ్చు’ అని రాస్తే మొదటి శనివారం సంతకానికీ దీనికీ తేడా ఏముంటుందని అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి, “మీ చేతుల పడితే మా అమ్మీజాన్ గూడ పాస్ గాదు,” అన్నారు.

మౌనికకు నేనే స్వయంగా చెప్పాను. ఏ వయల్ దగ్గర ఎందుకు తప్పో వివరించాను. ఏడవలేదు. ముఖం మాత్రం ఎర్రబడింది. పుస్తకం తెరిచి పట్టుకుని అడిగింది:

“మేడం, గీ ‘మళ్ళీ’ అన్నది నా బుక్కుల ఉంటదా, కొట్టేస్తరా?”

ఉంటుందని చెప్పాను. “అయితే మంచిదే,” అని వెళ్ళి తన పట్టిక కింద ఇరవయ్యో వరుస తానే రాసుకుంది. కారణం గడిలో ‘వాపసు పంపకూడనిది పంపాను’ అని ఉంది.

మొదటి విడతలో ఎనిమిది మందిలో ముగ్గురు గట్టెక్కారు. మధ్యలో వారం రోజులు ఐదుగురూ ఖాళీ సమయమంతా బల్లల దగ్గరే ఉన్నారు. ఎవరూ ఎవరినీ జరగమనలేదు. కిటికీ దగ్గర గొట్టం ఎత్తి చూడటానికి ఇప్పుడు వరుస కట్టాల్సి వచ్చింది. జనవరి 17, 18, 19 తేదీల్లో రెండో విడత. రాజ్‌కుమార్ ప్రతి వయల్ మీది పేరు పైకి చదివాడు, పక్కగది వరకు వినిపించేంత గట్టిగా. మౌనిక కామెర్ల సీరాన్ని రెండు క్షణాలు చూసి మెషిన్ మీద పెట్టింది. ఆ రెండో విడతలో నలుగురికి ‘వచ్చు’ వచ్చింది. మిగిలిన ఒకరికి 22న మూడోసారి పెట్టి ‘వచ్చు’ అని రాశాను. 24న ఎనిమిది పుస్తకాలూ శిక్షణ కేంద్రానికి పంపాను, గడువుకు ఒక రోజు ముందు. ఎనిమిది మందీ ఫైనల్ పరీక్ష రాశారు, ఎనిమిది మందీ పాసయ్యారు.

ఈ పనికి పట్టిన సమయం కూడా లెక్కవేశాను. ఒక్కొక్కరికి ఐదు నమూనాలు, 125 నిమిషాలు. మొదటి విడత ఎనిమిది మందికి 1000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. అంతకు ముందు జూలై నుంచి డిసెంబరు 16 వరకు పండుగలకు పోయిన రెండు శనివారాలు తీసేస్తే ఇరవై రెండు శనివారాలు, ఒక్కోదానికి 45 నిమిషాలు, మొత్తం 16 గంటల 30 నిమిషాలు సంతకాలు పెడుతూ కూర్చున్నాను. చూడకుండా సంతకం పెట్టడానికీ, చూసి మొదటి విడత తేల్చడానికీ తేడా పది నిమిషాలు. సమయం లేదన్న సాకు నాకు మిగల్లేదు.

తరువాతి జట్టుకు లాగ్‌బుక్‌లో రెండు మార్పులు చేయమని మార్చిలో రాసి పంపాను, శిక్షణ కేంద్రం రెండూ ఒప్పుకుంది. చేసిన వాటి పక్కన, కారణంతో సహా వాపసు పంపిన వాటికీ గడి ఉండాలి, అవీ లెక్కలోకి రావాలి. ఒక నమూనా నంబరు ‘స్వయంగా’ గడిలో ఒక్క పుస్తకంలోనే ఉండాలి. ఈ పద్ధతిన మౌనిక లెక్క 26కు 19 కలిపి 45 అయి ఉండేది. జట్టులో నలభై దాటింది ఆమె ఒక్కతే. నా ముప్పై అయిదేళ్ళ పైచిలుకు ఉద్యోగంలో ఎంతోమందికి పని నేర్పాను. నాకు పని నేర్పిన శిక్షణార్థిగా ఆమె పేరు రాసుకున్నాను.

ఇక నా ఉత్తరానికి ఫలితం. ఫిబ్రవరి 2న నాకు మెమో వచ్చింది, చూడకుండా 306 సంతకాలు ఎందుకు చేశారో సంజాయిషీ ఇవ్వమని. ఫిబ్రవరి 5న నాలుగు వాక్యాల్లో ఇచ్చాను. సాకు ఒక్కటీ రాయలేదు. మార్చి నెలలో హెచ్చరిక జారీ చేసి నా సర్వీసు రిజిస్టరులో నమోదు చేశారు. 1983 నుంచి అందులో ఉన్న ప్రతికూల నమోదు అదొక్కటే. సెప్టెంబరు 30న నేను రిటైరయ్యే ముందు, అర్జీ పెట్టుకుంటే తొలగించే వీలుందని గుమాస్తా చెప్పాడు. నేను అర్జీ పెట్టలేదు.

శిక్షణ ఇచ్చేవాళ్ళకు ఈ అనుభవం నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. పుస్తకంలోని అంకెలను ల్యాబు రిజిస్టరుతో నెలకోసారి పోల్చి చూడాలి. శిక్షణార్థి చేసిన పనితో పాటు చేయకుండా ఆపిన పనిని కూడా లెక్కించాలి. మనిషి మీద మన అభిమానం ఎంత ఉన్నా, బల్ల దగ్గర కంటికి కనిపించిందే రాయాలి. ఇవి నేను పదవీ విరమణకు తొమ్మిది నెలల ముందు నేర్చుకున్నాను. ఆలస్యమే. నా రిజిస్టరులోని ఆ హెచ్చరిక న్యాయమైనది, అందుకే దాన్ని అక్కడే ఉండనిచ్చాను.